మడిలో చదివిన కీర్తన

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే నయం, తరవాత ఎవరూ నన్ను సాధువనుకుని మోసపోరు. అయితే ఆ కోపమంతా గుమ్మం లోపలే. గుమ్మం దాటితే భయం. కొండల్లో పులులున్నాయి, ప్రతి వానాకాలమూ మన్యపు జ్వరం ఉంది, వాటికి నేను వణకలేదు. నలుగురూ ఏమంటారో అన్నదానికే వణికాను. ఇంత వయసొచ్చాక వెనక్కి చూసుకుంటే, చేసిన పనుల్లో సగం ఆ నలుగురి కోసం చేసినవే. వాళ్లిప్పుడు లేరు. వాళ్లలో ఇద్దరి మొహాలు నాకు గుర్తుకు కూడా రావడం లేదు, నా ఖర్మ!

అప్పటికి ఒరిస్సా ఇంకా వేరు పడలేదు. కోరాపుట్టూ రాయగడా మద్రాసు కిందే ఉండేవి. బిస్సమ్ కటక్‌లో నేను సంస్థానం కొలువులో గుమాస్తాని. తాతల నాడు శ్రీకాకుళం వైపునించి కొండలెక్కి వచ్చిన కుటుంబాలు మావి. ఊళ్లో తెలుగు బ్రాహ్మల ఇళ్లు ఆరంటే ఆరు. సంతలో ఒరియా, కచేరీలో తెలుగు, చుట్టూ కోదులనే కొండవాళ్ల గూడేలు. తద్దినం పెట్టాలంటే భోక్తలు కావాలి కదా, అంటే పోయినవాళ్ల స్థానంలో కూర్చుని భోంచేసే బ్రాహ్మలు. ఏ ఇంట్లో తద్దినమైనా వాళ్లు మిగతా అయిదిళ్లనించే రావాలి. వాళ్లు రామన్నారంటే పార్వతీపురం దాకా మనిషిని పంపాల్సిందే. వచ్చేవాళ్లు మాత్రం 'మీ ఊరివాళ్లకేమైంది?' అని అడగకుండా వస్తారా? అందుకని ఆ ఆరిళ్లలో ఎవరూ ఎవరితోనూ చెడేవాళ్లు కాదు.

మాకో ఆడపిల్ల పుట్టి రెండేళ్లు బతికింది. జ్వరం తగిలిన మూడో రోజు నా భార్య, "మిషనాస్పత్రికి తీసుకెళదామండీ" అంది. మా అమ్మ వద్దంది. నేను అటూ ఇటూ చూశాను. అక్కడి నీళ్లు తాగించామంటే ఆరిళ్లూ ఏమంటాయి? "రేపు చూద్దాం" అన్నాను. మర్నాడు కూడా అదే మాట అన్నాను. మూడోసారి అనే అవసరం రాలేదు.

తప్పు ఎవరిదో ఒకరిది కావాలి గదా. మా అమ్మ దాన్ని కోడలి మీద పెట్టింది. పిల్లకి తలంటి, తడి ఆరకుండా వాకిట్లో పడుకోబెట్టిందట, చేజేతులా మింగేసిందట. ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఆ మాటే. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. 'కాదమ్మా, నేనే రేపు, రేపు అన్నాను' అని ఒక్కసారి నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. ఏడాది తిరిగేసరికి మా అమ్మ పోయింది గాని, ఆ మాట పోలేదు. పిల్లని మింగిన తల్లి. నూతి దగ్గర మిగతా ఆడవాళ్లంతా వెళ్లిపోయేదాకా నా భార్య తలుపు చాటున బిందె పట్టుకుని నిలబడేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండేదో తెలియక పప్పులో ఉప్పు తక్కువైందని ఆవిడ మీదే అరిచేవాణ్ణి.

ఆ రోజుల్లో మిషన్ తరఫున ఒకావిడ ఇళ్లకి వచ్చి ఆడవాళ్లకి అక్షరాలు దిద్దించేది. శ్రీకాకుళం వైపు పల్లెల మనిషి, రైతుకుటుంబంలో పుట్టి కిరస్తానీల్లో కలిసింది. అందరూ పంతులమ్మ అనేవారు. మా వీధిలో ఎవరూ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. నేనెందుకు ఎక్కనిచ్చానంటే, ఆవిడ అరుగు కింద నిలబడి ఏదో అంటే నా భార్య నవ్వింది. పిల్ల పోయాక అదే నవ్వడం. సరే, అరుగు దాకా రానీ అన్నాను.

ఆరు నెలల్లో చదవడం వచ్చేసింది. పంతులమ్మ మెచ్చుకుని ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. వాళ్ల వేదంలోని కీర్తనల భాగం మాత్రం విడిగా కట్టినది. అందులో ఒక కీర్తన మరీ పొడుగు, ఎనిమిదేసి చరణాల చొప్పున ఇరవైరెండు భాగాలు. నా భార్యకి మిగతావన్నీ పట్టలేదు, ఆ ఒక్కటే పట్టింది. అర్థం కాని మాట వచ్చినప్పుడు నా దగ్గరికి తెచ్చేది. కచేరీలో అర్జీలు రాసి రాసి గ్రాంథికం నాకు కొట్టినపిండి కదా.

అలా నేనూ చదివాను. చదివినకొద్దీ నాకు తికమకే. ఆ రాసినాయన దేవుడి ఆజ్ఞలంటే ఎంతో ఇష్టం అంటాడు, అవి తేనెకన్నా తీపి అంటాడు. అంతలోనే, నన్ను ఎగతాళి చేస్తున్నారు, నాకు భయంగా ఉంది, ఆ నింద నా మీదికి రాకుండా తప్పించు, నీ తీర్పులు మంచివి కదా అని బతిమాలుకుంటాడు. నమ్మకం ఉన్నవాడికి భయమేమిటి? భయం ఉన్నవాడు నమ్మానని ఎలా అంటాడు? పోనీ, ఆజ్ఞల మీద ప్రేమేమిటి? నేను పొద్దస్తమానం ఆజ్ఞలు నకళ్లు రాసేవాణ్ణి. ఒక్కదాని మీద కూడా నాకు ప్రేమ కలగలేదు.

ఇదే అడిగాను నా భార్యని. "ఏటీ మనిషి? ఓ పక్క నమ్మేనంటాడు, ఓ పక్క వణికిపోతాడు."

"భయం ఉన్నవాడే కదండీ అడుగుతాడు. లేనివాడికి దేవుడితో పనేటి?" అంది.

"మరి నువ్వు దేనికి చదువుతున్నావు?"

"ఈయనకీ నాలాగే ఉందండీ" అంది. అంతకన్నా చెప్పలేదు. నేనూ రెట్టించలేదు. రెట్టిస్తే నూతి దాకా, పిల్ల దాకా, నా దాకా వస్తుందని తెలుసు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఒకనాడు పొద్దున్న వంటింట్లోకి తొంగిచూద్దును కదా, ఆవిడ స్నానం చేసి, మడి కట్టుకుని, దేవుడి ముందు దీపం పెట్టి, ఆ పుస్తకం విప్పుకుని పారాయణ చేస్తోంది! మనవాళ్లు సుందరకాండ చదివినట్టు, రోజుకో భాగం. ఇరవైరెండో రోజున పటికబెల్లం నైవేద్యం పెట్టి మళ్లీ మొదటినించి మొదలు. బయట ఉన్న మూడు రోజులూ మానేసి, తల స్నానం చేసి, ఆపినచోటినించి అందుకుంటుందట. పుస్తకానికి పట్టుగుడ్డ చుట్టింది, మడి పోకుండా. కీర్తన ఎవరిదైనా చదివే పద్ధతి ఒకటుంటుంది కదా అన్నది ఆవిడ లెక్క. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"బుద్ధుందా నీకు? అది తోలు అట్ట! దూడతోలు! మడిలో దాన్ని ఒళ్లో పెట్టుకుంటావా?" అని అరిచాను. ఆ మాటతో మానేస్తుందనుకున్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఎన్నాళ్లనించో ఆ చేత్తోనే మడివంట చేస్తోంది మరి. మర్నాడు చూస్తే పుస్తకానికి అట్ట లేదు. తోలంతా ఒలిచి, అంటిన జిగురు గోకేసి, కాగితాలకి నూలుదారంతో కుట్టు వేసి, పైనా కిందా తాటాకు పుస్తకాలకున్నట్టు పల్చటి చెక్కలు కట్టింది. "ఇప్పుడు మడికి పనికొస్తుంది కదండీ?" అని అడిగింది. ఏం చెప్పను? నాకే తెలియదు.

పంతులమ్మ ఆ వారం వచ్చి చూసి లబోదిబోమంది. "ఏటమ్మా ఇది! దేవుడి పుస్తకానికి సర్మం వొలిసేసినావా? మేం ఎవులం ముట్టినా మైలే గాని, ఆయన మాట కూడా మీకు మైలేనా? ఎంతో ఆశ పడి ఇచ్చేను గదమ్మా!"

"మైల అని కాదమ్మా. మడిలో చదవాలని..." అంది నా భార్య.

"ఆయనకి మడేటి, గిడేటి!" అని కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. బాధ ఆపుకోలేక మిషన్లో ఎవరితోనో చెప్పుకుంది. అక్కడ చెప్పుకున్నది మూడోనాటికి మా వీధికి వచ్చింది. అప్పటికి మా అమ్మ తద్దినానికి ఇంకా పది రోజులుంది.

మా ఆరిళ్లకీ పెద్దాయన ఒకరుండేవారు. నాకు కొలువులో పని నేర్పిన మనిషి, మా నాన్న పోయినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన మనిషి. ఆయన చెడ్డవాడని చెప్పలేను. చెప్పగలిగితే ఈ కథ నాకు సుళువుగా ఉండేది. అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు. "ఏట్రా ఇది? నీ పెళ్లాం వాళ్ల పుస్తకం మడిలో పెట్టుకు చదువుతోందిట. రేపు మీ అమ్మకి పెట్టే అన్నం ఆ చేత్తోనే వండుతుందా? ఆ పుస్తకం తిరిగిచ్చీమను. పంచగవ్యం పుచ్చుకోమను. నలుగురిలో నిలబెట్టి అడగను, నా ఇంటి పిల్లలాంటిది. అయిందని నువ్వొచ్చి నాతో చెప్పు, చాలు. లేదూ, తద్దినానికి ఎవరూ రారు. తరవాత మీ ఇంటి నీళ్లు కూడా ముట్టరు. అప్పుడు నా చేతిలోనూ ఏటీ ఉండదు."

ఆరిళ్లలో అయిదు మా మీద తలుపులు వేసేస్తే ఇంక మేం ఎక్కడుండాలి?

లోపలికెళ్లి ఆవిడ కాళ్లావేళ్లా పడ్డంత పని చేశాను. "పంచగవ్యం తాగమంటే తాగుతాను, నాకేం అభ్యంతరం లేదు" అంది. "పుస్తకం ఇయ్యను. చదవనని కూడా చెప్పను. రేపూ చదువుతాను కదా, చదవనని ఎలా చెప్పమంటారు?"

"అయితే వాళ్లలో కలిసిపోతావా?"

"ఎవరన్నారండీ? నేనెక్కడికి పోతాను? అత్తగారి వంట నేనే చేస్తాను, మడిగా చేస్తాను. ఆవిడ నన్నన్న మాటలు ఆవిడతోనే పోయాయి. కాని అబద్ధం ఒక్కటి ఆడమనకండి. దారి తప్పించే అబద్ధాన్ని నానించి దూరం చెయ్యమని రోజూ దేవుణ్ణి అడుగుతూ, లేచి మీ మాట మీద అబద్ధం ఆడితే ఇంక ఆ చదవడం దేనికి?"

"నిన్ను వెలి వేస్తారే! భయం లేదూ?"

"ఉందండీ, ఎందుకు లేదు?" అంది. నిజంగానే చేతులు వణుకుతున్నాయి. అలా వణుకుతూనే, చెప్పనంటే చెప్పనంది. నాకు కోపం రావాలి, రాలేదు. ఈ మనిషి ఎవరు, ఇన్నేళ్లూ నా ఇంట్లో ఉన్న మనిషేనా అనిపించింది.

మర్నాడు పెద్దాయన దగ్గరికి వెళ్లి, "అంతా అయిపోయిందండి బాబాయ్‌గారూ. పుస్తకం తిరిగిచ్చేసింది" అని చెప్పాను. నా గొంతు తొణకలేదు. ఆయన నా భుజం తట్టాడు. ఇంటికొచ్చి ఆవిడతో, "పెద్దాయన ఒప్పుకున్నారు, వస్తారు" అన్నాను. రెండు చోట్లా రెండు రకాలుగా మోసం చేసి ఆ పూట నేను సుఖంగా భోంచేశాను, సిగ్గులేని జన్మ.

తద్దినం రోజున పెద్దాయనే మా అమ్మ స్థానంలో కూర్చున్నాడు. దేవతల స్థానంలో ఇంకో ఇంటాయన. మా ఆవిడ తెల్లవారుజామునే లేచి తడిబట్టతో వంట చేసింది. పెసరపప్పు, అరటికాయ కూర, నువ్వుల పచ్చడి, మా అమ్మకి ఇష్టమని గారెలు ఎక్కువ. ఆ పూట ఆ పీట మీద కూర్చున్నవాడు పెద్దాయన కాదు, మా అమ్మే. మేం అలాగే అనుకుంటాం. అనుకోవడం కూడా కాదు, అంతే. నా భార్య కూడా అలాగే వడ్డించింది, "ఇంకోటి వేసుకోండి, ఇంకోటి" అంటూ. తృప్తి అయిందా అని నేను అడగడం, అయిందని వాళ్లు అనడం కూడా ముగిసింది. చేతులు కడుక్కుని మళ్లీ పీటల మీద కూర్చున్నారు. మేమిద్దరం దణ్ణం పెట్టాం.

పెద్దాయన అక్షింతలు వేస్తూ, మనసారానే అన్నాడు. "మంచి పని చేసేవమ్మీ. ఆ పుస్తకం ఒదిలీసేవు. మీ అత్తగారు ఎక్కడున్నా సంతోషిస్తుంది."

నా భార్య తలెత్తి ఆయన్ని చూసింది, తరవాత నన్ను చూసింది. అర్థమైపోయింది ఆవిడకి. ఊరుకుంటుందనుకున్నాను. అన్నాళ్లూ ఊరుకున్నదే కదా.

"లేదు మావయ్యగారూ. ఒదల్లేదు. ఇవాళ పొద్దున్న కూడా చదివే వంట మొదలెట్టేను. ఆ స్థానంలో కూర్చున్నవారి దగ్గర దాచకూడదని చెప్తున్నాను. తప్పయితే క్షమించండి" అంది.

పెద్దాయన చెయ్యి అక్షింతలతో గాలిలోనే ఉండిపోయింది. తిన్న అన్నం కడుపులో ఉంది, కక్కలేడు, మింగలేడు. రెండో ఆయన నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన నా వేపు తిరిగాడు.

"ఏట్రా? ఇచ్చీసిందని నువ్వే కదా చెప్పేవు?"

రెండే దారులున్నాయి. నేను అబద్ధమాడానండి అనడం ఒకటి. అది అంటే నేను పోతాను, ఆవిడా పోతుంది, మా అమ్మ తద్దినమూ పోతుంది. రెండోది ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియదు. నా నోట్లోంచి వచ్చింది, నేను కూడా దాన్ని మిగతావాళ్లతో పాటే విన్నాను.

"దాని మాట పట్టించుకోకండి బాబాయ్‌గారూ. పిల్ల పోయినప్పటినించీ దానికి మతి స్థిమితం లేదు. పుస్తకం ఇచ్చీసింది. ఇంకా చదువుతున్నాననే అనుకుంటోంది."

చూస్తుండగానే పెద్దాయన మొహం వెలిగింది. ఆయనకీ ఆ మాట కావాలి, రెండో ఆయనకీ కావాలి. "అయ్యో పాపం, అదా సంగతి" అన్నాడు. ఆగిన అక్షింతలు ఆవిడ తల మీద పడ్డాయి. పుస్తకం పక్కగదిలోనే ఉంది, తలుపు తీసి చూస్తే కనబడుతుంది. ఎవరూ లేచి చూడలేదు. నా భార్య ఏమీ అనలేదు. ఇంకా ఏమని చెప్పినా పిచ్చి మాటే అవుతుందని నాకన్నా ముందు ఆవిడకే తెలిసినట్టుంది.

తరవాత ఏమైందో కూడా చెప్పేస్తాను. ఎవరూ మమ్మల్ని వెలి వేయలేదు. నూతి దగ్గర ఆడవాళ్లు పక్కకి జరిగి, "నువ్వుండమ్మీ, మేం తోడతాం" అని ఆవిడ బిందె నింపేవారు. పిల్లని మింగిందన్న మాట మళ్లీ ఎవరూ అనలేదు, దాని బదులు ఇంకో మాట వచ్చింది కనక. పుస్తకం చదువుతోందని మళ్లీ తెలిసినా ఎవరూ పట్టించుకోలేదు, పిచ్చిమనిషి ఏం చదివితే ఏం? పంతులమ్మ కూడా తిరిగి రావడం మొదలెట్టింది. అలా చూస్తే నా భార్య కోరినట్టే ఆ నింద తప్పింది, చదువు నిలిచింది. నిలబెట్టింది ఆవిడ దేవుడా, నా అబద్ధమా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. ఆ కీర్తన రాసినాయన్ని అడుగుదామంటే ఆయనా లేడు.

ఆ రోజు భోక్తలు వెళ్లిపోయాక నాకు విస్తరి వేసి ఆవిడే వడ్డించింది. నేను తల దించుకుని తింటున్నాను. కాసేపు నిలబడి అడిగింది.

"ఆ మాట మీకు అప్పటికప్పుడు తోచిందా, లేకపోతే ముందునించీ నా గురించి అలాగే అనుకుంటున్నారా?"

గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడుగుతోంది.

"ఏం, దేనికి?" అన్నాను.

"ముందునించీ అనుకుంటున్నారంటే మీరు అబద్ధమాడినట్టు కాదు. నాకేం బాధ లేదు. అందుకని అడుగుతున్నాను."

"ముందునించే" అన్నాను.

"సరేనండి" అంది. ఇంకో గారె విస్తట్లో వేసి లోపలికి వెళ్లింది.

ఆ తరవాత పందొమ్మిదేళ్లు ఆవిడ నాతో కాపురం చేసింది. నేను ఒక్కరోజు కూడా అలా అనుకోలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పనే లేదు.